ఏడాదికి 8,800 సార్లు తెరుచుకునే తలుపు

ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరుకు పిల్లల్ని తీసుకెళ్లే స్కూలు బస్సు ఒకటుందనుకుందాం. దారిలో 20 స్టాపులు. పొద్దున 20, సాయంత్రం 20, వెరసి రోజుకు 40 సార్లు ఆగుతుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి కనీసం 220 రోజులు బడి నడవాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. 40ని 220తో హెచ్చవేస్తే 8,800. ఆ బస్సు తలుపు ఏడాదిలో అన్నిసార్లు తెరుచుకుంటుంది, అన్నిసార్లు మూసుకుంటుంది.

అదే బస్సును రవాణా శాఖ నిలబెట్టి బ్రేకులు, టైర్లు, లైట్లు, అత్యవసర ద్వారం చూసి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఇచ్చేది ఏడాదికి ఒక్కసారి. ఆ ఒక్క తనిఖీ మీదే మన చర్చంతా నడుస్తుంది. ఎఫ్‌సీ లేని బస్సులు ఎన్ని దొరికాయి, ఎన్ని సీజ్ చేశారు అన్నది జూన్ రాగానే పేపర్లలో వచ్చే వార్త. అది రావాల్సిందే. కానీ మిగతా 8,800 సందర్భాల్లో తలుపు దగ్గర ఎవరున్నారు, చక్రం ముందు ఎవరున్నారు అని చూసే అధికారి ఎవరూ లేరు. ఆ పని బడిది, తల్లిదండ్రులది. ఖర్చు కూడా మనం అనుకునేంత ఉండదు. లెక్కలు చూద్దాం.

9,528

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 18 ఏళ్ల లోపు పిల్లలు 9,528 మంది, అంటే రోజుకు సగటున 26 మంది. వీళ్లంతా బడికి పోతూనో వస్తూనో చనిపోయినవాళ్లు కారు. పండక్కి పోతూ, పెళ్లికి పోతూ, నాన్న బండి వెనక కూర్చుని పోతూ చనిపోయినవాళ్లు కూడా ఇందులో ఉన్నారు.

ఈ మరణాలు ఏ వాహనం మీద జరిగాయో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2022 మృతుల్లో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. 19.5 శాతం కాలినడకన పోతున్నవాళ్లు. ఈ రెండూ కలిస్తేనే 64 శాతం. బస్సుల్లో కూర్చున్నవాళ్ల వాటా 3 శాతం లోపే. బస్సు ప్రమాదం జరిగితే ఒకేసారి పదిమంది పోతారు కాబట్టి పేపర్లో మొదటి పేజీకి ఎక్కుతుంది. బండి మీద నుంచి పడి పోయిన ఒక్కడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త అవుతాడు.

అమెరికాలో ఈ లెక్క మరీ స్పష్టంగా ఉంటుంది. పిల్లవాడు కారులో కన్నా స్కూలు బస్సులో వెళ్తే క్షేమంగా చేరే అవకాశం దాదాపు 70 రెట్లు ఎక్కువని అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. ఆ దేశపు బస్సులు వేరు, రోడ్లు వేరు, చట్టాలు వేరు. ఆ 70 మన ప్రత్తిపాడు రోడ్డుకు వర్తిస్తుందని చెప్పలేం. అయినా పెద్ద వాహనంలో, సీట్లో కూర్చున్న పిల్లవాడికి ముప్పు తక్కువన్న సూత్రం ఎక్కడైనా ఒకటే. కాబట్టి బస్సంటే భయపడి పిల్లాణ్ణి ముగ్గురితో కలిపి బండెక్కించడం తెలివైన పని కాదు.

10 అడుగులు

మరి బస్సుతో ముప్పు ఎక్కడుంది? చాలావరకు బస్సు బయట ఉంది. స్కూలు బస్సు చుట్టూ 10 అడుగుల మేరను అమెరికాలో ప్రమాద వలయంగా లెక్కేస్తారు. ముందు 10, వెనక 10, రెండు పక్కలా 10 అడుగులు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల ఎత్తు మూడున్నర అడుగులు. వాటర్ బాటిల్ జారిపోతే తీసుకోవడానికి వంగితే అది రెండడుగులే. సీట్లో కూర్చున్న డ్రైవర్‌కు బానెట్ కింద వంగిన పిల్లాడు కనపడడు. ఎడమపక్క వెనక చక్రం దగ్గర నిలబడ్డా కనపడడు.

సాయంత్రం ఊళ్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. బస్సు రచ్చబండ దగ్గర ఆగుతుంది. తలుపు ఎడమవైపు. పాప ఇల్లు కుడివైపు. పాప దిగి, బస్సు ముందు నుంచి చుట్టు తిరిగి రోడ్డు దాటాలి. అవతల గుమ్మంలో అమ్మ కనపడుతుంది, పాప పరుగెత్తుతుంది. వెనకనుంచి వచ్చే బైకువాడికి బస్సే కనపడుతుంది గానీ బస్సు ముందు నుంచి వచ్చే పాప కనపడదు. అమ్మ వెంట వచ్చిన రెండేళ్ల తమ్ముడు ఎప్పుడు చెయ్యి వదిలించుకుని బస్సు కిందికి వెళ్లాడో ఎవరూ చూడరు. అక్కను ఎక్కించడానికో, దింపుకోవడానికో వచ్చిన చిన్నవాళ్లే చక్రాల కింద పడ్డారన్న వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదివామో గుర్తు చేసుకోండి.

ఈ పది అడుగులకు మందు నాలుగు అలవాట్లు. ఒకటి, బస్సు ఆగేలోపే ఆయా గానీ క్లీనర్ గానీ దిగడానికి సిద్ధంగా ఉండి, ఆగగానే ముందుగా దిగి, పిల్లలందరూ దాటాక చివరగా ఎక్కాలి. రెండు, కుడివైపు ఇళ్ల పిల్లలను చెయ్యి పట్టుకుని దాటించాలి. వీలైతే తిరుగు ప్రయాణంలో బస్సు అదే పక్కన ఆగేలా రూటు మార్చాలి. మూడు, చంటిపిల్లలతో వచ్చిన అమ్మలు బస్సుకు పది అడుగుల దూరంలో నిలబడాలి, చిన్నవాణ్ణి చంకనెత్తుకునే ఉండాలి. నాలుగు, అందరూ దూరం జరిగారని ఆయా చెప్పేదాకా, లేదా బస్సు వీపు మీద రెండు చరుపులు చరిచేదాకా డ్రైవర్ గేరు వేయకూడదు.

వెనక్కి తిప్పడం ఇంకో పెద్ద గండం. మన ఊళ్లలో చాలాచోట్ల బస్సు ఆఖరి స్టాపులో వెనక్కి తిరగాల్సిందే. అలాంటి చోట పొద్దున పిల్లలు అందరూ ఎక్కాకే వెనక్కి తిప్పాలి. సాయంత్రం అయితే ఎవరూ దిగకముందే తిప్పాలి. అంటే బస్సు వెనక్కి వచ్చే ఆ అర నిమిషం పిల్లలు బయట కాకుండా లోపల ఉండాలి. వెనక నిలబడి చెయ్యి ఊపే మనిషి లేకుండా రివర్స్ గేరు వద్దు. ఈ ఒక్క నియమానికి రూపాయి ఖర్చు లేదు.

131వ సెక్షన్

తలుపు దగ్గర మనిషి ఎందుకు ఉండాలో తెలుగువాళ్లకు చెప్పడానికి మాసాయిపేట పేరు చాలు. 2014 జులై 24 పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో, తూప్రాన్‌లోని ఒక ప్రైవేటు స్కూలుకు పిల్లల్ని తీసుకెళ్తున్న బస్సు మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగ్ దాటుతుండగా నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పదహారు మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పసివాళ్లు.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 131వ సెక్షన్ అని ఒకటుంది. కాపలా లేని క్రాసింగ్ వచ్చినప్పుడు డ్రైవర్ బండి ఆపాలి. కండక్టరో, క్లీనరో, బండిలో ఉన్న మరొకరో దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండువైపులా రైలు రావడం లేదని చూసి, బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. మాసాయిపేట నాటికే ఆ చట్టానికి 26 ఏళ్లు. ఆ తర్వాత కూడా 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ దగ్గర ఇలాగే స్కూలు వ్యాను మీదికి రైలు వచ్చి 13 మంది పిల్లలు చనిపోయారు.

2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులు అన్నింటినీ రైల్వే తొలగించింది. ఆ గండం గడిచింది. కానీ ఆ సెక్షన్‌లో ఉన్న ఆలోచనకు పని తీరలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని చూడలేనిది చూడ్డానికి ఒక మనిషి కిందికి దిగాలి. పట్టాలకు వర్తించే ఆ మాట రచ్చబండకూ, హైవే మలుపుకూ, వాగు చప్టాకూ వర్తిస్తుంది.

29, 53, 83

వేగం గురించి అందరూ చెబుతారు, లెక్క ఎవరూ చెప్పరు. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, ఏదో అడ్డం వచ్చిందని డ్రైవర్ గ్రహించి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర. ఈ అంచనాతో గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బస్సు పూర్తిగా ఆగడానికి దాదాపు 29 మీటర్లు పడుతుంది. 60 మీద 53 మీటర్లు. 80 మీద 83 మీటర్లు. క్రికెట్ పిచ్ పొడవు 20 మీటర్లు. అంటే 40 మీద ఒకటిన్నర పిచ్ దూరంలో ఆగే బస్సు, 80 మీద నాలుగు పిచ్‌లు దాటాక గానీ ఆగదు. వాన పడి రోడ్డు తడిస్తే 60 మీద ఆ 53 కాస్తా 65 అవుతుంది. టైర్లు అరిగి ఉంటే ఇంకా పెరుగుతుంది.

వేగం ఒకటిన్నర రెట్లయితే దెబ్బ ఒకటిన్నర రెట్లవదు. 40 నుంచి 60కి పెరిగితే ఢీకొట్టే శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. సంక్రాంతి ముందు రోజుల్లో పొద్దున ఏడున్నరకు కూడా మన పొలాల మీద మంచు తెర తొలగదు. ముందు 50 మీటర్లే కనపడుతున్నప్పుడు 60 మీద నడిపే డ్రైవర్, తను చూడగలిగే దూరం కన్నా ఎక్కువ దూరంలో ఆగే బండిని నడుపుతున్నట్టు లెక్క.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 118వ నిబంధన ప్రకారం స్కూలు బస్సుకు గంటకు 60 కిలోమీటర్లు మించకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలి. ఆ 60 పైహద్దు. ఊళ్ల మధ్య సగం వెడల్పు రోడ్డు మీద నడిపే వేగం అది కాదు.

30 సెకన్లు

డ్రైవర్లు తొందరపడేది సరదాకి కాదు, బెల్లు కొట్టేలోపు చేరాలి కాబట్టి. ప్రత్తిపాడు నుంచి గుంటూరుకు దాదాపు 20 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 40 మీద పోతే 30 నిమిషాలు, 60 మీద పోతే 20 నిమిషాలు. అంటే అంత ప్రమాదం నెత్తిన వేసుకుని డ్రైవర్ సంపాదించేది మహా అయితే 10 నిమిషాలు.

ఇప్పుడు స్టాపుల వైపు చూడండి. 20 స్టాపుల్లో ఒక్కోచోట నిమిషంన్నర ఆగితే 30 నిమిషాలు. ఒక్కోచోట నిమిషమే ఆగితే 20 నిమిషాలు. స్టాపుకు 30 సెకన్లు మిగిలితే మొత్తం మీద అవే 10 నిమిషాలు. వేగంతో సంపాదించేదెంతో, తల్లిదండ్రులు పిల్లాణ్ణి ముందే తయారుచేసి స్టాపులో నిలబెడితే మిగిలేదీ అంతే. "ఒక్క నిమిషం ఆగు బాబూ, జడ వేస్తున్నా" అని గుమ్మంలోంచి కేకేసే ప్రతి ఇల్లూ ఆ బస్సును ముందున్న రోడ్డు మీద ఇంకాస్త వేగంగా తోస్తోంది.

బడి చేయాల్సిన పని కూడా ఉంది. ఇంటింటికీ ఆగే పద్ధతి మాని, నూరు గజాల దూరంలో ఉన్న రెండు స్టాపులను ఒకటి చేస్తే ఆగే సార్లు తగ్గుతాయి. తలుపు తెరుచుకునే సార్లూ తగ్గుతాయి. 20 స్టాపులు 15 అయితే ఏడాదికి 8,800 కాస్తా 6,600 అవుతుంది. కలిపిన స్టాపు రోడ్డు మలుపులో కాకుండా, బస్సు పక్కకు ఆగే జాగా ఉన్నచోట, వీధి దీపం ఉన్నచోట పెట్టాలి. బస్సు ఆలస్యమైతే పిల్లల్ని గేటు బయట నిలబెట్టబోమని, డ్రైవర్‌ను తిట్టబోమని యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పాలి. ఆలస్యానికి శిక్ష ఉన్నంతకాలం వేగానికి మందు ఉండదు.

3.75 మీటర్లు

ఇక మన రోడ్లు. ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను, వట్టిచెరుకూరు మండలాల్లో ఊరికీ ఊరికీ మధ్య చాలాచోట్ల ఉన్నది సింగిల్ రోడ్డే. సింగిల్ లేన్ తారు వెడల్పు 3.75 మీటర్లు. బస్సుకైనా లారీకైనా చట్టం అనుమతించే గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు. ఎదురెదురుగా రెండు పెద్ద బండ్లు వస్తే 5.2 మీటర్లు కావాలి, మధ్యలో అర మీటరు సందు వదిలితే 5.7. తారు ఉన్నది 3.75. దాదాపు రెండు మీటర్లు తక్కువ. ఆ రెండు మీటర్లూ మార్జిన్ ఇవ్వాలి.

ఆ మార్జిన్ నల్లరేగడి. ఎండాకాలం పగుళ్లు ఇస్తుంది, వానాకాలం ఉబ్బి మెత్తబడుతుంది. తారు అంచు విరిగి అడుగు లోతు దిగిపోయిన చోట్లు ఎన్నో. ఎదురు లారీకి దారి ఇవ్వబోయి ఎడమ చక్రం ఆ బురదలోకి దిగితే, బస్సు పక్కనున్న కాలవ వైపు ఒరుగుతుంది. తెలిసిన డ్రైవర్ ముందే వెడల్పైన చోటు చూసి ఆగుతాడు. కొత్త డ్రైవర్ మొండిగా ముందుకు పోతాడు. అందుకే బదిలీ డ్రైవర్ వచ్చిన రోజు ఆ రూటు తెలిసిన ఆయా పక్కన ఉండాలి. కొత్తవాణ్ణి పిల్లలు లేకుండా ఒక్కసారి రూటంతా తిప్పి చూపించాలి.

మన రోడ్లకు సీజన్లు కూడా ఉంటాయి. అక్టోబరు నుంచి పత్తి తీతలు మొదలవుతాయి. పొద్దున ఏడు గంటలకు కూలీల ఆటోలు, స్కూలు బస్సులు ఒకే రోడ్డు మీద ఉంటాయి. జనవరి నుంచి మిరప కోతలు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు యార్డుకు రోజుకు లక్ష టిక్కీల (మిరప బస్తాల) దాకా వస్తాయి. ఒక్కో టిక్కీ నలభై కిలోలకు పైనే. ఆ సరుకు మోసే ట్రాక్టర్లు, లారీలు మన పిల్లలు పోయే రోడ్ల మీదనే పోతాయి. వెనక లైట్లు లేని ట్రాలీ, అంచులు దాటి బయటికి పొంగిన పత్తి లోడు కలిస్తే 3.75లో ఇంకా ఎంత మిగులుతుంది? మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లలు తిరిగొస్తారు. కాబట్టి రూటు ఒక్కసారి వేసి ఏడాదంతా అలాగే నడపకూడదు. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి చూసుకోవాలి.

వానలప్పుడు చప్టాల మీద నీళ్లు పారితే మరో లెక్క. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును లాక్కెళ్లగలదు. రెండడుగులైతే చాలా వాహనాలను లాక్కెళుతుంది. "రోజూ పోయే దారే కదా" అన్న మాట అక్కడ పనికిరాదు. చప్టా కనపడకుండా నీళ్లు పారుతుంటే బస్సు వెనక్కి తిరగాల్సిందే. ఆ రోజు బడి పోయినా పర్వాలేదని యాజమాన్యం డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచాలి.

44,000

2022 సెప్టెంబరులో రెండు దేశాల్లో ఒకే రకం ఘోరం జరిగింది. జపాన్‌లోని మకినొహరాలో మూడేళ్ల పాపను కిండర్‌గార్టెన్ బస్సులో మరిచిపోయారు. కొద్దిరోజులకే ఖతర్‌లో ఒక భారతీయ పాప, తన నాలుగో పుట్టినరోజు నాడే, బస్సులో నిద్రపోయి దిగలేదు. ఎవరూ చూడకుండా బస్సు తాళం వేశారు. వేడికి ఇద్దరూ చనిపోయారు.

జపాన్ ఆ తర్వాత ఊరుకోలేదు. 2023 ఏప్రిల్ నుంచి కిండర్‌గార్టెన్, నర్సరీల బస్సులు దాదాపు 44,000 వాటిల్లో అలారం తప్పనిసరి చేసింది. ఇంజిన్ ఆపాక ఎవరైనా బస్సు వెనక దాకా నడిచి వెళ్లి నొక్కితే గానీ ఆ మోత ఆగదు. చివరి సీటు దాకా మనిషిని నడిపించడానికి చేసిన ఏర్పాటు అది.

మన జూన్ ఎండలు ఆ రెండు దేశాల ఎండలకు తీసిపోవు. అలారం కొనకపోయినా ఆ నడక మనమూ నడవొచ్చు. 45 మంది ఎక్కితే 45 మంది దిగాలి. ఆయా చేతిలో పేర్ల కాగితం ఉండాలి. ఎక్కినప్పుడు ఒక టిక్కు, దిగినప్పుడు ఒక టిక్కు. బస్సు ఖాళీ అయ్యాక చివరి సీటు దాకా వెళ్లి, సీట్ల కింద కూడా చూసి, సంతకం పెట్టాకే తాళం. బడిలో హాజరు పట్టీలో లేని పిల్లవాడి ఇంటికి మొదటి పీరియడ్ ముగిసేలోపు ఫోన్ పోవాలి.

మే 15

స్కూలు బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల గడువు మన దగ్గర ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్ 12న బడులు తెరిచే నాటికి కొత్తది తీసుకోవాలి. 15 ఏళ్లు దాటిన బస్సు పిల్లలకు పనికిరాదు. డ్రైవర్ వయసు 60 దాటకూడదు. సహాయకుడు ఉండాలి. ఈ నియమాల్లో చాలావాటి వెనక ఒక విషాదం ఉంది. 1997 నవంబరు 18న ఢిల్లీలో వజీరాబాద్ వంతెన మీంచి స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. పెద్ద వాహనాలు నడిపిన అనుభవం కనీసం ఐదేళ్లు ఉన్నవాడే డ్రైవర్‌గా ఉండాలి, కిటికీలకు అడ్డకమ్మీలు ఉండాలి, తలుపులు మూసుకునేలా ఉండాలి, పిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలి.

బస్సు కాగితాలు చూడ్డానికి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లక్కర్లేదు. ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ వేసుకుని నంబర్ కొడితే ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉందో, ఇన్సూరెన్సు ఎప్పుడు ముగుస్తుందో కనపడుతుంది. రెండు నిమిషాల పని.

ఒక చిక్కు మాత్రం గుర్తుపెట్టుకోండి. చట్టంలో "విద్యాసంస్థ బస్సు" అంటే ఆ సంస్థ సొంత బస్సు. నలుగురు తల్లిదండ్రులు కలిసి మాట్లాడుకున్న వ్యాను, ఆటో ఆ లెక్కలోకి రావు. ఆటోకు పర్మిట్ ముగ్గురు ప్రయాణికులు, ఒక డ్రైవర్. అందులో పన్నెండు మంది పిల్లలను కుక్కితే, డ్రైవర్ పక్కన రెండువైపులా వేలాడేవాళ్లు మొదటి కుదుపుకే రోడ్డు మీద ఉంటారు. పరిమితి మించి ఎక్కించిన ఒక్కొక్కరికి 200 రూపాయల జరిమానా అని కేంద్ర చట్టంలోని 194-ఏ సెక్షన్ చెబుతుంది. అదనంగా ఎక్కినవాళ్లను దింపి, వేరే ఏర్పాటు చేసేదాకా బండి కదలకూడదని కూడా చెబుతుంది. ఊరికి ఆర్టీసీ పల్లెవెలుగు వేళకు వస్తుంటే, ఆటో కన్నా అదే నయం. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆడపిల్లలకు అందులో టికెట్ కూడా లేదు. బస్సు బడి వేళకు రాకపోతే డిపో మేనేజర్‌కు పంచాయతీ నుంచి వినతి ఇవ్వండి.

8 రూపాయలు

"ఆయాను పెట్టుకుంటే ఖర్చు" అనే యాజమాన్యాలకు ఈ లెక్క. నెలకు 9,000 జీతం అనుకుందాం. బస్సులో 45 మంది పిల్లలు. తలకు నెలకు 200. నెలకు 25 రోజులు బడి ఉంటే రోజుకు 8 రూపాయలు. చిన్న టీ ఖరీదు కూడా కాదు. అయినా బస్సు ఫీజు కట్టే అమ్మానాన్నలు ఈ 8 రూపాయలు ఎక్కడికి పోతున్నాయని అడగరు.

ఏడాదికి రెండుసార్లు చేయాల్సిన మరో పనికి అసలు ఖర్చే లేదు. బస్సును బడి ఆవరణలో నిలబెట్టి, అత్యవసర ద్వారం తెరిచి, పిల్లలు వరుసగా ఎంతసేపట్లో దిగుతారో గడియారం పెట్టి చూడాలి. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ప్రైవేటు వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2024 అక్టోబరు 1న థాయిలాండ్‌లో విహారయాత్రకు వెళ్లిన స్కూలు బస్సు కాలిపోయి పిల్లలు, టీచర్లు కలిసి 23 మంది పోయారు. బస్సు అంటుకున్నాక తలుపు ఎక్కడుందో వెతికే వ్యవధి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో టూర్‌కు బయటి బస్సు మాట్లాడుకునే బడులు, బయల్దేరేముందు ఆ బస్సు వెనక తలుపు తెరుచుకుంటుందో లేదో తామే తెరిచి చూడాలి.

అడగాల్సినవి ఐదు

2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. మీ పిల్లల బడిలో జరిగే మీటింగ్ పెద్దదైనా చిన్నదైనా, మార్కుల సంగతికి ముందు ఈ ఐదూ అడగండి.

మా బస్సు ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉన్నాయి? ఆయా రోజూ ఉంటుందా, ఆమె రాని రోజున ఎవరు వస్తారు? డ్రైవర్ సెలవు పెడితే వచ్చే బదిలీ మనిషి ఎవరు, అతనికి ఈ రూటు తెలుసా? బస్సు ఎక్కడెక్కడ వెనక్కి తిరుగుతుంది, అప్పుడు పిల్లలు లోపలుంటారా బయటుంటారా? బస్సు ఖాళీ అయ్యాక చివరి సీటు దాకా చూసినట్టు ఎవరు సంతకం పెడతారు, ఆ కాగితం చూపిస్తారా?

జరగరానిది జరిగితే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో ఆయాకు, డ్రైవర్‌కు, పెద్ద పిల్లలకు నోటికి వచ్చి ఉండాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద 1033, పిల్లల సమస్యకు 1098. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత వైద్యం అందించే కేంద్ర పథకం 2025 నుంచి ఉంది. ఆసుపత్రిలో ఆ మాట ముందే చెప్పండి.

ఈ ఐదు ప్రశ్నల్లో నాలుగింటికి జవాబుకు డబ్బు అక్కర్లేదు, క్రమశిక్షణ చాలు. మిగిలిన ఒక్కదానికి, అంటే ఆయా జీతానికి, పిల్లకు రోజుకు 8 రూపాయలు. ఒక్కదానికైనా సూటిగా జవాబు రాకపోతే, ఆ జవాబు వచ్చేదాకా బస్సు ఫీజు కట్టడం ఆపండి.